దేవుడు ఓకే అనుకున్నా... తనే నో అంది!

చిలుకూరు బాలాజీ గుడికి ఎప్పుడైనా వెళ్లారా? హైదరాబాద్‌లో ఉంటూ అమెరికా వీసాకి అప్లై చేసినవాళ్లలో అటు వెళ్లనివాళ్లు తక్కువే. పద్ధతి అందరికీ తెలిసిందే. కోరిక చెప్పుకొని 11 ప్రదక్షిణలు. తీరాక మళ్లీ వచ్చి 108. హుండీ ఉండదు, డబ్బులు వేయక్కర్లేదు.

నా ఫ్రెండ్ ఒకడు మూడేళ్ల కిందట అక్కడ 11 ప్రదక్షిణలు చేశాడు. వీసా కోసం కాదు, ఆఫీసులో తన టీమ్‌లోనే ఉన్న అమ్మాయి ‘యస్’ అనాలని! ఆ తర్వాత శనివారాలు ఒంటిపూట భోజనం మొదలుపెట్టాడు. నాన్‌వెజ్ మానేశాడు. (హైదరాబాద్ కుర్రాడు బిర్యానీ మానేశాడంటే ఎంత సీరియస్సో మీరే ఊహించుకోండి.) నాలుగు నెలల తర్వాత ఓ రోజు క్యాంటీన్‌లో ధైర్యం చేసి చెప్పేశాడు. ఆ అమ్మాయి మర్యాదగానే జవాబిచ్చింది. ‘నాకు నీ మీద అలాంటి ఫీలింగ్ ఎప్పుడూ లేదు, సారీ’ అంది. అంతే.

ఆ రాత్రి వాడు ఏడవలేదు. చేతికున్న ఎర్రతాడు కత్తిరించి డస్ట్‌బిన్‌లో పడేశాడు. ఫోన్ వాల్‌పేపర్‌గా ఉన్న వెంకన్న ఫొటో తీసేశాడు. ‘ఆ అమ్మాయి మీద కోపం లేదురా. తన తప్పేముంది? నా కోపమంతా ఆయన మీదే’ అన్నాడు.

బ్రేకప్ గురించి మన ఫోన్లలో రీల్స్‌కి కొదవలేదు. జిమ్‌కి వెళ్లు, ట్రిప్ వెయ్యి, కెరీర్ చూసుకో అంటూ సలహాలే సలహాలు. కానీ ‘నో’ విన్న మర్నాడు పొద్దున స్నానం చేసొచ్చి దేవుడి పటం ముందు నిలబడలేకపోవడం ఉంది చూశారా, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఇంట్లో చెబితే ‘అపచారం’ అంటారు. ఫ్రెండ్స్‌కి చెబితే ‘నీ లవ్‌కీ దేవుడికీ ఏంట్రా లింకు’ అని నవ్వుతారు. మధ్యలో మనిషి ఒంటరైపోతాడు.

ముందు ఒక సంగతి. ఆ నొప్పి నిజమైనదే. 2011లో అమెరికాలో ఈథన్ క్రాస్ అనే సైకాలజిస్టు, ఆయన బృందం 40 మంది మీద ఒక ప్రయోగం చేశారు. అందరూ అప్పటికి కొద్ది నెలల కిందటే, తమకు ఇష్టం లేకుండా ప్రేమను పోగొట్టుకున్నవాళ్లు. వాళ్లకి ఆ పాత మనిషి ఫొటో చూపిస్తూ మెదడు స్కాన్ తీశారు. చేతికి వేడి తగిలించి నొప్పి కలిగించినప్పుడు మెదడులో చురుగ్గా మారిన భాగాల్లో కొన్ని, ఫొటో చూసినప్పుడూ అలాగే మారాయి. కాబట్టి ‘ఇంత చిన్నదానికి ఇంత సీనా’ అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

ఇక మావాడి కోపం సంగతి. వాడు మోసపోయాననే ఫీలయ్యాడు. ‘నా వంతు నేను చేశాను, ఆయన వంతు ఆయన చెయ్యలేదు’ అనేది వాడి లెక్క. మొక్కు అంటే మనకు చిన్నప్పటి నుంచీ అలవాటైన ఒప్పందం. పరీక్ష పాసైతే కొబ్బరికాయ, ఉద్యోగం వస్తే తలనీలాలు. పరీక్షకీ ఉద్యోగానికీ ఈ లెక్క ఎలాగోలా సరిపోతుంది. కానీ ఇక్కడ అడిగింది మార్కులు కాదు, ఇంకో మనిషి మనసు. ఆ అమ్మాయికి కూడా ఇష్టాయిష్టాలున్నాయి. తను కూడా ఏ గుడిలోనో తన కోరిక ఏదో చెప్పుకొనే ఉంటుంది. మావాడి మొక్కు ఫలించాలంటే, ఆమెకే తెలియకుండా ఆమె మనసుని ఎవరో తిప్పాలి. అలా తిప్పేస్తే దాన్ని ప్రేమ అంటామా?

ఈ మాట వాడితో వెంటనే అనలేదు లెండి. అంటే ఫోన్ పెట్టేసేవాడు.

గుంటూరు వైపు నుంచి వచ్చిన మా కొలీగ్ ఒకామెది ఇంకో రకం కథ. చర్చి క్వైర్‌లో పాడేది. అక్కడే కీబోర్డ్ వాయించే అబ్బాయిని ఇష్టపడింది. ఏడాదిపాటు ‘ప్రార్థనలో పెట్టింది’. అతను కాస్త నవ్వినా, ఆ వారం వాక్యం తనకే చెప్పినట్టు అనిపించినా, అదంతా దేవుని చిత్తమేననుకుంది. చివరికి అతనికి వేరే సంబంధం కుదిరిందని చర్చిలోనే అనౌన్స్ చేశారు. ఆమె కూర్చున్నది ముందు వరసలో! ‘అతను కాదన్నందుకు అంత బాధ లేదు. దేవుడి స్వరం అని నేను విన్నదంతా నా ఊహేనా అన్న అనుమానం వచ్చింది చూడు, అది తట్టుకోలేకపోయాను’ అంది. పైగా ఆదివారం వస్తే వెళ్లడానికి చోటు లేదు. ఏడుపొస్తే వెళ్లి కూర్చునే చోటే ఇప్పుడు ఏడిపించే చోటైంది. ఆమె చేసిన పని నాకు నచ్చింది. మానేయలేదు, అలాగని పళ్లబిగువున అక్కడే పాడుతూ కూర్చోలేదు. కొన్నాళ్లు తనని ఎవరూ ఎరగని ఇంకో చర్చికి వెళ్లి, వెనక వరసలో కూర్చుని వచ్చేసేది.

మరి దేవుడి మీద కోపం తప్పా? ఈ ప్రశ్న మనవాళ్లకి కొత్త కాదు. భద్రాచల రామదాసునే తీసుకోండి. గుడి కట్టించి, గోల్కొండ జైలుపాలై, దెబ్బలు తిని, రాముణ్ని ఏమన్నాడో మనందరికీ తెలుసు. ఎవరికి ఏ నగ చేయించాడో, దేనికెంత ఖర్చయిందో లెక్కలు తీసి మరీ నిలదీశాడు. అదే కీర్తనలో చివరికొచ్చేసరికి, దెబ్బలకు ఓర్చలేక తిట్టానే తప్ప వేరు కాదు, నొచ్చుకోవద్దని బతిమాలుకున్నాడు. ఆ తిట్లు నేటికీ కచేరీల్లో భక్తితో పాడుతున్నారు! కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో (ఉత్తరాంధ్ర టౌన్ కాదు, ఇది ఊరు) కొలువున్న ఆంధ్ర మహావిష్ణువు మీద కాసుల పురుషోత్తమ కవి రాసిన ఆంధ్రనాయక శతకమైతే మొత్తం నిందాస్తుతే. అంటే దేవుణ్ని కడిగిపారెయ్యడానికి మనకి ఏకంగా ఒక సాహిత్య ప్రక్రియే ఉంది.

సైకాలజీలోనూ దీని మీద పని జరిగింది. జూలీ ఎక్స్‌లైన్ అనే అమెరికన్ పరిశోధకురాలు దేవుడి మీద కోపాన్నే సబ్జెక్టుగా తీసుకున్నారు. కోపం, ప్రేమ రెండూ ఒకే మనిషిలో ఒకేసారి ఉండొచ్చంటారామె. కెన్నెత్ పార్గమెంట్ అనే ఇంకో సైకాలజిస్టు, కష్టంలో మతం మనిషికి రెండు రకాలుగా పనిచేస్తుందన్నారు. దేవుడు తోడున్నాడనుకునేవాళ్లకి ఊరట. ‘దేవుడు నన్ను శిక్షిస్తున్నాడు, వదిలేశాడు’ అనుకునేవాళ్లకి కుంగుబాటు ఎక్కువ. నాకైతే తిట్టడం కంటే ఈ రెండోదే భయం. ‘నేను పాపిని, అందుకే నాకు ప్రేమ దక్కలేదు’ అనే ఆలోచన మొదలైతే అది అంత తేలిగ్గా వదలదు. ఎవరో మీకు ‘నో’ చెప్పారు. అది ఆ ఒక్కరి జవాబు. దాన్ని పైనుంచి వచ్చిన తీర్పుగా చదువుకోకండి.

సరిగ్గా ఈ టైమ్‌లోనే ఫోన్‌లో ఇంకో ప్రమాదం తగులుతుంది. రాత్రి ఒంటిగంటకి ‘లవ్ బ్యాక్’ అని వెతికి చూడండి. మూడు రోజుల్లో వశీకరణం, స్పెషల్ పూజ, గ్యారంటీ! మావాడు కూడా ఒకడికి 5,100 రూపాయలు పంపాడు. ఇంకో 11,000 అడిగేసరికి మెలకువ వచ్చింది. డబ్బు పోవడం అటుంచితే, కాదన్న మనిషిని ఎలాగైనా ఒప్పించాలన్న పట్టుదలకి ఇలాంటివాళ్లు నూనె పోస్తారు. దీక్షలైనా, ఉపవాస ప్రార్థనలైనా ‘తను మనసు మార్చుకోవాలి’ అనే ఒక్క కోరిక మీదే నడుస్తుంటే, అది కూడా వెంటపడటమే. కాకపోతే దేవుణ్ని వెంటేసుకుని పడటం.

మావాణ్ని అప్పట్లో నిలబెట్టినవి చాలా మామూలు పనులు. టీమ్ మార్పించుకున్నాడు. ఆమె స్టేటస్‌లు మ్యూట్ చేశాడు. శనివారం ఒంటిపూట మానేసి మూడు పూటలా తిన్నాడు. ‘ఇక జీవితంలో గుడి గడప తొక్కను’ అని శపథం చేయబోతే వాళ్ల నాయనమ్మ ఆపింది. ‘ఇప్పుడేం తేల్చుకోకు నాయనా, ముందు నిద్రపో’ అందట. అంతకంటే మంచి కౌన్సెలింగ్ నేను వినలేదు. నిద్ర, తిండి వారాల తరబడి పోయినా, చచ్చిపోవాలనిపిస్తున్నా మాత్రం నాయనమ్మతో ఆగకండి. టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇలా పోయిన నమ్మకం అందరికీ తిరిగి రావాలనేం లేదు. నాకు తెలిసినవాళ్లలో ఒకరిద్దరు మళ్లీ గుడి వైపు చూడలేదు, హాయిగానే ఉన్నారు. గుంటూరు అమ్మాయి ఆ కొత్త చర్చిలోనే ఉండిపోయింది. ఇప్పుడు పాడుతోంది కూడా.

మావాడు మొన్న చిలుకూరు వెళ్లాడు. తన కోసం కాదు. చెల్లికి వీసా వచ్చింది, 108 చేయాలి, తోడు రమ్మంది. చెల్లి నడుస్తుంటే పక్కనే నడుస్తూ కార్డు మీద టిక్కులు పెట్టే డ్యూటీ వాడిది.

‘నువ్వేమైనా అడిగావా?’ అన్నాను.

‘ఎక్కడ! 40 దగ్గర లెక్క తప్పింది. దాంతోనే సరిపోయింది’ అన్నాడు.