యుద్ధాయుధములు - పౌరస్వాతంత్ర్యము

అమెరికా సంయుక్తరాష్ట్రములలో పసిపిల్లలు పాఠశాలలలో హతులైనప్పుడెల్ల, రణరంగమునకు దగిన తుపాకి పౌరుని గృహమున నుండదగునా యను ప్రశ్న పుట్టుచున్నది. కొలది దినములలోనే యది యణగిపోవుచున్నది. 2012 డిసెంబరులో కనెక్టికట్టు రాష్ట్రమునందలి శాండీహుక్కు పాఠశాలలో 20 మంది పిల్లలును ఆర్గురు పెద్దలును కూలిరి. 2022 మే నెలలో టెక్సాసునందలి యువాల్డీ పాఠశాలలో 19 మంది పిల్లలును ఇద్దరు ఉపాధ్యాయినులును బలియైరి. 2023 మే నెలలో ఆ రాష్ట్రమునందే, ఆలెన్ పట్టణపు విపణిశాలలో ప్రాణములు గోల్పోయిన 8 మందిలో మన తెలుగు యువతి యొకతె కలదు. ఇది పరుల గృహచ్ఛిద్రమని మన మూరకుండ వీలులేదు.

ఈ మూడుచోట్లను హంతకులు వాడినవి ఏఆర్-15 తరగతి తుపాకులే. సైనికుల తుపాకిని పోలిన వీనిలో, మీటను నొక్కినంతనే గుండు వెడలును. తరువాతి తూటా తనంతట తానే గొట్టమును జేరును. 30 తూటాలు పట్టు పెట్టె నొకదానిని తీసి మఱియొకటి తగిలించుటకు క్షణములే చాలును. పాత వేటతుపాకిలో తూటా మార్చు వ్యవధి పారిపోవువారికి ప్రాణదానము చేయును. ఆ వ్యవధిని హరించుటయే యీ యంత్రముల ప్రత్యేకత.

ప్రజలను నిరాయుధులను జేయుట నిరంకుశుల లక్షణమనియు, 1791 నాటి తమ రాజ్యాంగ సవరణము ఆయుధధారణమును హక్కుగా నొసగినదనియు నిషేధమును నిరాకరించువారు వాదింతురు. ఈ వాదమును మేము తేలికగా త్రోసివేయజాలము. 1878 నాటి ఆయుధశాసనము భారతీయుల చేతులు కట్టివేసి, ఐరోపీయులకు మినహాయింపు నొసగినది. ఆ యవమానము నెఱిగియే 1931లో కరాచీ కాంగ్రెసు ఆయుధధారణమును పౌరుల ప్రాథమిక హక్కులలో జేర్చినది. అయినను, ఆ హక్కు నిబంధనలకు లోబడి యుండవలెనని ఆ తీర్మానమే పలికినది. 1878 శాసనపు దోషము నియమము విధించుటలో లేదు. పాలకున కొక నీతి, పాలితున కొక నీతి విధించుటలో నున్నది. ధనికునకును దరిద్రునకును, తెల్లవానికిని నల్లవానికిని ఒక్కతీరున వర్తించు నిషేధము దాస్యము కానేరదు.

చట్టము చేసి చూచితిమి, ఫలింపలేదు అనునది వారి రెండవ వాదము. 1994 సెప్టెంబరులో అమెరికా చేసిన నిషేధ మెట్టిది? అప్పటికే జనుల యొద్దనున్న తుపాకులను, పెద్ద తూటాపెట్టెలను అది ముట్టలేదు. తుపాకి బాహ్యలక్షణములను లెక్కించి నిషేధించుటచే, తయారుచేయువారు ఒకటి రెండు భాగములు మార్చి యించుమించు అదే తుపాకిని అమ్ముకొనిరి. 10 ఏండ్ల గడువు తీరగా 2004 సెప్టెంబరులో అది గతించెను. శాండీహుక్కు దారుణము జరిగిన నాలుగు నెలలకు, 2013 ఏప్రిలులో, నూతన నిషేధము సెనేటులో అనుకూలముగ 40, ప్రతికూలముగ 60 వోట్లతో వీగిపోయెను. సగము మూసిన తలుపు దొంగ నాపలేదని తలుపే వలదనుట యేమి వివేకము?

తలుపు పూర్తిగా మూసినవారును కలరు. 1996 ఏప్రిలు 28వ తేదీన ఆస్ట్రేలియాలోని పోర్టు ఆర్థరున 35 మంది హతులైరి. 12 దినములలో ప్రధానమంత్రి జాన్ హోవర్డు రాష్ట్రములన్నిటిని ఒప్పించెను. ఆయన సంస్కరణవాది కాడు, సంప్రదాయపక్ష నాయకుడు. తన పక్షపు గ్రామీణుల యాగ్రహమునకును వెఱవలేదు. ప్రత్యేక పన్ను విధించి, వెల చెల్లించి, ఇంచుమించు 6,50,000 తుపాకులను ప్రభుత్వము కొని నాశనము చేసెను. అంతకు ముందటి 18 ఏండ్లలో ఐదుగురికి తక్కువకాక మరణించిన సామూహిక హత్యలు తుపాకులచే 13 జరుగగా, తరువాతి 20 ఏండ్లలో అట్టిది యొక్కటియు జరుగలేదు. 2025 డిసెంబరులో సిడ్నీనగరపు బోండై తీరమున మరల రక్తము ప్రవహించిన మాట నిజము. చట్టము సర్వరోగనివారిణి కాదు. కాని యొక యౌషధము రోగుల నెల్లర బ్రతికింపలేదని దానిని పాఱవేయువారు లేరు. న్యూజీలండు సైతము, 2019 మార్చిలో క్రైస్టుచర్చి మసీదులలో 51 మంది మరణింపగా, నెల తిరుగకుండ 119 వోట్లకు ఒక్క వోటు వ్యతిరేకముగ నిషేధమును శాసించెను.

కాలిఫోర్నియా, న్యూయార్కు వంటి కొన్ని రాష్ట్రములు తమంతట తామే యీ తుపాకులను నిషేధించినవి. పొరుగు రాష్ట్రమున నవి యంగడి సరకై యున్నంతకాలము, ఆ కంచె పూర్తిగా కాపాడజాలదు. దేశమంతటికి నొక్క శాసనము, గడువులేని శాసనము, ఉన్న తుపాకులకు న్యాయమైన వెల యిచ్చి కొను శాసనము కావలెను. ఆ దేశ పౌరసత్వమును బడసిన తెలుగువారు వేలకొలదిగ నున్నారు. వారి బిడ్డలును ఆ పాఠశాలలకే పోవుచున్నారు. వోటు కోరి వచ్చు ప్రతి యభ్యర్థిని వారు ముందుగా నడుగవలసినది యీ ప్రశ్నయే యని మా యభిప్రాయము.