ఊపిరి యంత్రంతో ప్రయాణమా? ముందే సిద్ధం కండి!

వెంటిలేటర్ అనగానే మనకు ఐసీయూనే గుర్తుకొస్తుంది. కానీ స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ వంటి కండరాల జబ్బులు, వెన్నుపాము దెబ్బతినటం వంటి సమస్యలున్న కొందరు పిల్లలు ఏళ్ల తరబడి ఇంట్లోనో, సంరక్షణ కేంద్రంలోనో దీని మీదే ఆధారపడి ఉంటారు. ఏ అర్ధరాత్రో జ్వరం వచ్చి, కఫం చిక్కబడితేనే అసలు పరీక్ష. మంచం దగ్గర్నుంచి ఆసుపత్రి పడక వరకూ సాగే ఆ కొద్ది దూరమే పెద్ద గండం. గొట్టం జారిపోవచ్చు, ఆక్సిజన్ అయిపోవచ్చు, బ్యాటరీ ఆగిపోవచ్చు. ముందే సిద్ధంగా ఉంటే వీటిల్లో చాలావాటిని తప్పించుకోవచ్చు.

ఎప్పుడు బయల్దేరాలి?

మామూలు కన్నా తరచూ కఫం తీయాల్సి వస్తున్నా, కఫం రంగు మారినా, జ్వరం వచ్చినా, రోజూ ఇచ్చే దానికన్నా ఎక్కువ ఆక్సిజన్ అవసరమవుతున్నా వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి. పెదవులు నీలంగా మారినా, డొక్కలు ఎగరేస్తున్నా, గొట్టంలోంచి రక్తం పడుతున్నా, తట్టి లేపినా మగత వీడకపోయినా ఆలస్యం చేయొద్దు.

ఇక్కడో మెలిక ఉంది. కండరాలు బలహీనమైన పిల్లలకు ఆక్సిజన్ ఒక్కటే చాలదు. గాలిని లోపలికీ బయటికీ ఆడించే బలమూ కావాలి. అది తగ్గితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. ఆక్సిజన్ పెడితే ఆక్సీమీటర్‌లో అంకె బాగానే కనిపిస్తుంది గానీ బిడ్డ మత్తులోకి జారుకుంటుంది. కాబట్టి అంకెనే కాదు, బిడ్డనూ చూడండి.

సంచిలో ఏముండాలి?

* అంబు బ్యాగ్. ఇది ఎప్పుడూ బిడ్డ పక్కనే ఉండాలి.
* మెడ దగ్గర గొట్టం ఉంటే అదే సైజుది ఒకటి, అంతకన్నా చిన్నది మరొకటి. కట్టే పట్టీలు, కత్తెర.
* బ్యాటరీతో నడిచే సక్షన్ యంత్రం, దాని గొట్టాలు.
* పల్స్ ఆక్సీమీటర్, వెంటిలేటర్ అదనపు బ్యాటరీ, ఛార్జర్.
* వెంటిలేటర్ సెట్టింగులు, మందుల మోతాదులు, అలర్జీలు, డాక్టర్ ఫోన్ నంబరు రాసిన కాగితం.

ఆక్సిజన్ లెక్క

సిలిండర్‌లో 1,500 లీటర్లు ఉండి, నిమిషానికి 5 లీటర్లు వాడితే 300 నిమిషాలు.. అంటే 5 గంటలు వస్తుంది. సగమే ఉంటే రెండున్నర గంటలే. ట్రాఫిక్‌ను దృష్టిలో పెట్టుకుని, ప్రయాణ సమయానికి రెట్టింపు ఉండేలా చూసుకోండి.

అంబులెన్స్‌ను పిలిచేటప్పుడు

108కి ఫోన్ చేస్తే 'బిడ్డ వెంటిలేటర్ మీద ఉంది' అన్నదే మొదటి మాట కావాలి. వెంటిలేటర్, శిక్షణ పొందిన సిబ్బంది ఉండే అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్ వాహనం అడగండి. పిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రికి ముందే కబురు చేసి, పడక ఉందో లేదో కనుక్కోండి. దగ్గరుంది కదాని వెంటిలేటర్ లేని చోటుకు వెళ్తే, అక్కడ్నుంచి మళ్లీ తరలించాల్సి వస్తుంది.

దారిలో ఆయాసపడితే?

యంత్రంతో కుస్తీ పట్టొద్దు. వెంటిలేటర్ తీసి, అంబు బ్యాగ్‌తో శ్వాస అందించండి. తేలికగా గాలి వెళ్తూ బిడ్డ కుదుటపడితే లోపం యంత్రంలోనో, దాని గొట్టాల్లోనో ఉన్నట్టు. గాలి వెళ్లకపోతే మెడ గొట్టం జారిందేమో, కఫం అడ్డుపడిందేమో చూసి, కఫం తీయాలి. అప్పటికీ వెళ్లకపోతే గొట్టం మార్చాల్సిందే. వీటన్నింటినీ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చే ముందే ఇంట్లో కనీసం ఇద్దరైనా నేర్చుకోవాలి.

ఆసుపత్రికి చేరాక కాగితం ఇచ్చేసి ఊరుకోవద్దు. బిడ్డ మామూలుగా ఎలా ఉంటుందో, నొప్పేస్తే కళ్లతో ఎలా చెబుతుందో అక్కడి నర్సుకు వివరించండి. అది ఏ యంత్రమూ చెప్పదు. మీకే తెలుసు.