‘ఆదిత్య 369’: కాలయానంలో కనిపించని కొండవీడు

సంభాషణలు లేని ‘పుష్పక విమానం’ (1987)తో స్వతంత్ర మార్గాన్ని చాటిన సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ (1991)లో ప్రేమజంటను కాలయంత్రంలో 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల ఆస్థానానికీ, ఆపై 2504కూ పంపారు. గతంలో భువనవిజయ కవిత్వం, తెనాలి రామకృష్ణుని హాస్యం ప్రధానం. భవిష్యత్తులో మానవులు వికిరణానికి వెరచి భూగర్భంలో నివసిస్తారు.

అయితే రాయలు 1514లో దర్శకుని స్వజిల్లా నెల్లూరులోని ఉదయగిరిని, 1515లో అద్దంకి, వినుకొండలతోపాటు కొండవీటిని జయించారు. గుంటూరు, ప్రకాశం మైదానాల చరిత్రలో ఆయన కావ్యకర్త మాత్రమే కాదు, కోటలను ముట్టడించిన విజేత కూడా. ఆ దండయాత్రలు ముగిసిన ఎన్నో ఏళ్ల తరువాతి కాలాన్ని ఎంచుకోవడం వల్ల చిత్రంలో యుద్ధ వినాశం భవిష్యత్తుకే పరిమితమైంది. స్వర్ణయుగ స్మృతి దేనిని నిలుపుకొని దేనిని విడుస్తుందో తెలిపే పాఠ్యంగా దీనిని అధ్యయనం చేయవలసి ఉంది.