ఆటలోకి మన చిక్కం

వీడియో గేమ్ అనగానే మన లెక్చరర్లలో కొందరికి చిరాకు, మన హాస్టలు మిత్రులకు హుషారు. ఈ వ్యాసం ఆట ఆడడం గురించి కాదు గనుక ఇద్దరూ కాస్త ఓపిక పట్టాలి. ఆటలో లేని వస్తువును మనమే తయారుచేసి లోపలికి ఎక్కించే విద్య ఒకటుంది. దాన్ని మాడింగ్ అంటారు. ఎక్కువమంది తుపాకులు ఎక్కిస్తారు. నేను ఎక్కించింది మన నూజివీడు తోటల్లో మామిడికాయలు కోసే చిక్కం. దాని అంచున చిన్న కత్తి ఉంటుంది కాబట్టి ఆయుధమే అని వాదించవచ్చు లెండి!

ఈ విద్య కొత్తదేమీ కాదు. 1993లో వచ్చిన 'డూమ్' ఆటలో బొమ్మలూ శబ్దాలూ ఆట నడిపే ప్రోగ్రాం నుంచి విడిగా వేరే ఫైళ్ళలో ఉండేవి. అందువల్ల ప్రోగ్రాం జోలికి పోకుండానే బొమ్మలు మార్చే వీలు కలిగింది. కానీ అందులో తుపాకీ అంటే చదునైన బొమ్మ మాత్రమే. 1996లో 'క్వేక్' వచ్చాకే నిజంగా మూడు కొలతలున్న ఆయుధాలు చేతికి వచ్చాయి. కెనడాలో సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీలో చదువుకుంటున్న మిన్ లే, తన మిత్రుడు జెస్ క్లిఫ్‌తో కలిసి 1999లో 'హాఫ్-లైఫ్' మీద కట్టిన మాడ్ పేరు 'కౌంటర్-స్ట్రైక్'. అందులోని ఆయుధాల నమూనాలు అతను చేసినవే. మరుసటి సంవత్సరమే వాల్వ్ కంపెనీ దాన్ని తన ఆటగా విడుదల చేసింది. పరీక్షలకు చదివే వయసులో ఒక విద్యార్థి చేసిన పని అది.

నేను ఎంచుకున్నది 'జి.టి.ఏ. శాన్ ఆండ్రియాస్'. 2005లో కంప్యూటరుకు వచ్చిన ఈ ఆట పాత మెషీన్ల మీద కూడా నడుస్తుంది, మన జేబుకు అదే ముఖ్యం. అందులో ప్రతి ఆయుధానికీ రెండు ఫైళ్ళు. డి.ఎఫ్.ఎఫ్. ఫైల్లో ఆకారం, టి.ఎక్స్.డి. ఫైల్లో దాని మీది రంగుల చర్మం. ఆటలో బిలియర్డ్సు కర్ర ఒకటి ఉంది. చిక్కానికి తగిన స్థానం అదే అనుకున్నాను.

ఆకారం అంటే ఏమిటి? ఇంటర్ లెక్కల్లో చదివిన నిరూపకాలే. ప్రతి శీర్షానికీ మూడు సంఖ్యలు, మూడేసి శీర్షాలు కలిపితే ఒక త్రిభుజం. నమ్మకం లేకపోతే ఓ.బి.జె. రకం ఫైలును నోట్‌ప్యాడులో తెరిచి చూడండి, అంకెల వరసలు తప్ప మరేమీ కనిపించవు. బ్లెండర్ అనే ఉచిత సాఫ్టువేరులో గెడను ఎనిమిది పలకల గొట్టంగా చేశాను. పక్కలకు 16 త్రిభుజాలు చాలాయి. దూరం నుంచి చూస్తే గుండ్రంగానే ఉంటుంది.

అసలు చిక్కు వల దగ్గర వచ్చింది. ఒక్కొక్క దారపు ముక్కను నాలుగు పలకల గొట్టంగా చేస్తే ఎనిమిది త్రిభుజాలు. మూడు వందల ముక్కలుంటే 2,400. ఒక్క సంచీకి అంత ఖర్చా? కాబట్టి వలను వలగా చేయకూడదు. 12 పలకల శంఖువు ఒకటి చేసి, దాని మీద వల ఫోటో అంటించి, దారాల మధ్య ఖాళీలను పారదర్శకం చేయాలి. చాలా ఆటల్లో త్రిభుజానికి ఒక వైపే రంగు పడుతుంది గనుక లోపలి వైపుకూ ఇంకో 12 వేశాను. మొత్తం 24. కళ్ళు మోసపోతాయి, కంప్యూటరుకు బరువు తగ్గుతుంది.

బొమ్మను ఆకారం మీద అంటించడానికి ముందు ఆకారాన్ని విప్పి పరచాలి. మామిడి తొక్కను తెగకుండా ఒలిచి బల్ల మీద చదును చేసినట్టన్నమాట. ఎక్కడో ఒకచోట గాటు పెట్టక తప్పదు. ఆ గాటు జనం చూడని వైపు పెట్టడంలోనే పనితనమంతా ఉంది. బొమ్మ కొలతలు 128, 256 వంటి రెండు ఘాతాల్లోనే ఉంచితే పేచీ రాదు.

ఇక మూలబిందువు. నమూనాలో సున్న, సున్న, సున్న అనే చోటే ఆటగాడి గుప్పిట్లోకి వస్తుంది. అది గెడ మధ్యలో ఉంటే మనవాడు కావడి పట్టినట్టు పట్టుకుంటాడు. అక్షం తిరగబడితే గెడ పొట్టలోంచి దూరుతుంది. అందుకే ముందు అసలు కర్రను బ్లెండర్లో తెరిచి, దాని పక్కనే మన వస్తువును సరిచూసుకోవాలి. తోటలో గెడ ఎంత పొడుగైనా ఆటలో రెండు మీటర్లకు కుదించాను. దెబ్బ ఎంత దూరం తగులుతుందో, ఎంత గట్టిగా తగులుతుందో నమూనా చెప్పదు. ఆ అంకెలు వేరే ఫైళ్ళలో ఉంటాయి. పొడుగు గెడ గోడల్లోంచి ఊరికే దూరిపోతుంది తప్ప ఒరిగేదేం లేదు.

పూర్తయిన రెండు ఫైళ్ళను పాత పేర్లతోనే ఆట తాలూకు పెద్ద మూటలో పెట్టాలి. మూట విప్పడం ఇష్టం లేనివారికి మాడ్ లోడర్ ఉంది, అసలు ఫైళ్ళను ముట్టుకోకుండా పని జరుగుతుంది.

ఇది చట్టమేనా అని ఒక మాస్టారు అడిగారు. 2017లో టేక్-టూ కంపెనీ ఓపెన్-ఐవి అనే మాడింగ్ సాధనానికి నోటీసిచ్చింది. ఆటగాళ్ళు గోల చేశారు. కొద్ది రోజుల్లోనే, ఒంటరిగా ఆడుకునే, డబ్బు చేసుకోని, ఇతరుల హక్కులకు భంగం కలిగించని మాడ్‌ల మీద సాధారణంగా చర్య తీసుకోబోమని రాక్‌స్టార్ ప్రకటించింది. పదిమందితో కలిసి ఆన్‌లైన్లో ఆడేచోట మాత్రం ఇలాంటివి పెడితే ఖాతా పోతుంది.

నన్ను బాధించేది ఇంకొకటి. మా జూనియర్ ఒకడు మూడు వారాలు కూర్చుని భీముడి గద చేశాడు. ఎవరో దాన్ని తీసుకుని, తన పేరు వేసుకుని, పైసలకు అమ్మారు. రసాలు మన తోటవి, బుట్ట మీద పేరు ఇంకొకరిది! కనుక ఎవరి నమూనా వాడినా వెంట ఒక చిన్న టెక్స్టు ఫైల్లో చేసినవారి పేరు రాయడం కనీస మర్యాద. అలాగే మాడ్ పేరుతో వచ్చే ప్రతి ఇ.ఎక్స్.ఇ. ఫైలునూ ల్యాబు కంప్యూటర్ల మీద నొక్కకండి. ఆకారానికీ బొమ్మకూ ఇ.ఎక్స్.ఇ. అవసరమే లేదు.

తుపాకీ నమూనాలు ఇంటర్నెట్లో కోకొల్లలు. చిక్కం కోసం, పనసకర్రతో తొలిచే మన ఊరి వీణ కోసం వెతికి చూడండి, ఎన్ని దొరుకుతాయో! మనం చేయకపోతే ఇంకో దేశంవాడు చేస్తాడా?

నా చిక్కానికి ఇంకో పని మిగిలింది. కొట్టినప్పుడు ఇప్పటికీ బిలియర్డ్సు కర్ర చప్పుడే వస్తోంది. శబ్దాలు వేరే మూటలో ఉన్నాయి. వేసవిలో తోటలో గెడ కొమ్మకు తగిలే చప్పుడు ఫోన్లో పట్టుకొచ్చి దాని పని చూడాలి.