తపాలా పాఠములు - తోడు గ్రంథములు

సోదరీమణులారా! ఐ.ఐ.టి. ప్రవేశమునకై మీ బిడ్డ యింటనే తపాలా పాఠములు చదువుచున్నచో, భయముచేత పది గ్రంథములు పోగుచేయకుడు. అన్నియు మొదలుపెట్టి యేదియు ముగింపని బిడ్డకు శ్రమయే మిగులును, ధైర్యము మిగులదు.

మొదట ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠ్యపుస్తకము, పిదప తపాలా పాఠమునందలి లెక్కలు. అందు చిక్కుపడిన చోట మాత్రమే పెద్ద గ్రంథము. భౌతికశాస్త్రమునకు హెచ్.సి. వర్మగారి గ్రంథమొక్కటి చాలును. ఇరొడోవ్‌గారి కఠినమైన లెక్కలు పునాది గట్టిపడిన పిదపనే.

జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షయందు ఎంపిక ప్రశ్నలలో సరియైన జవాబునకు 4 మార్కులు వచ్చును. తప్పునకు 1 మార్కు పోవును. కావున తప్పిన లెక్కలను వేఱొక పుస్తకమున వ్రాయించి, వారమునకొకసారి మరల చేయింపుడు. ఈ కాపలాకు తల్లికి గణితము రానక్కఱలేదు, ఓర్పే కావలయును.