వెంకయ్య కట్టిన హాలు

చెన్నై మౌంట్ రోడ్డులో తపాలా శాఖ వారి స్టాంపుల కార్యాలయం ఉంది. వార్విక్ మేజర్ అనే తెల్లదొర 1913లో తెరిచిన ఎలక్ట్రిక్ థియేటర్ అదే. అందులో బొమ్మ ఆడింది ఏవో రెండేళ్లు. 1915లో మూతపడితే తపాలా శాఖ తీసుకుంది, గోడలు నేటికీ నిలిచాయి. ఆ దగ్గర్లోనే మన మచిలీపట్నం మనిషి రఘుపతి వెంకయ్య 1914లో గెయిటీ కట్టించాడు. మద్రాసులో భారతీయుడు సొంతంగా కట్టుకున్న తొలి సినిమా హాలది. దశాబ్దాల తరబడి జనంతో నిండిన ఆ భవనం ఇప్పుడు లేదు. రెండేళ్లాడిన హాలు మిగిలింది, తరాల పాటు ఆడిన హాలు పోయింది. తెలుగువాడిగా నాకు ఇది కష్టంగా ఉంటుంది.

1869లో పుట్టిన వెంకయ్య బతుకుతెరువుకు మద్రాసు చేరి ఫొటోగ్రాఫరుగా పేరు తెచ్చుకున్నాడు. 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే ఫ్రెంచి యంత్రం అతని కంటపడింది. బొమ్మ తెరమీద, పాట గ్రామఫోను రికార్డులో. రెండూ జతగా నడిచేవి, గాలి ఒత్తిడితో శబ్దం హాలంతా వినబడేది. మన దేశంలో టాకీ పుట్టడానికి ఇరవై ఏళ్ల ముందు మాట ఇది! దాని ఖరీదు ముప్పై వేల రూపాయలనీ, స్టూడియో తాకట్టు పెట్టి కొన్నాడనీ చెబుతారు. ఆ రోజుల్లో అంత సొమ్ము పెట్టాడంటే అది వ్యాపార లెక్క మాత్రమే కాదు, మనసు పడటం. విక్టోరియా పబ్లిక్ హాల్లో ఆటలు వేశాడు. డేరాలు, యంత్రం మూటగట్టుకుని ఊరూరా తిరిగాడు, సిలోను, బర్మా దాకా వెళ్లాడు. ఆ తిరుగుళ్ల తరువాతే గెయిటీ. ఆపైన మింట్ వీధిలో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్. కొడుకు ప్రకాష్‌ను లండన్ పంపి పని నేర్పించాడు, 1921లో తండ్రీకొడుకుల చేతుల మీదుగా ‘భీష్మ ప్రతిజ్ఞ’ వచ్చింది. అదే ఏడాది బెజవాడలో పోతిన శ్రీనివాసరావు మారుతి హాలు కట్టాడు. ఆంధ్రదేశంలో శాశ్వతంగా లేచిన తొలి సినిమా హాలుగా దాన్ని చెప్పుకుంటాం.

వెంకయ్య వాడిన ఆ డేరాయే తరువాత టూరింగ్ టాకీస్‌గా చిన్న ఊళ్లకు సినిమాను మోసింది. డేరా కాస్తా రేకుల షెడ్డయింది, షెడ్డు పక్కా హాలయింది. ముందు నేల టిక్కెట్టు, వెనక బెంచీ, ఆ వెనక కుర్చీ. ధరలో తేడా ఉంది గానీ, పొలం పని ముగించుకొచ్చిన కూలీ, కొట్టు కట్టేసి వచ్చిన షావుకారు ఒకే కప్పు కింద ఒకే బొమ్మకు కంటతడి పెట్టిన చోటు ఊళ్లో ఇంకోటి ఏదీ? అందుకే హాలు చరిత్రంటే ఊరి చరిత్రే అని నా నమ్మకం.

విజయనగరం జిల్లా రాజాం వాళ్లకు ఇది వేరుగా చెప్పక్కర్లేదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలిన వేళ తాండ్ర పాపారాయుడు ఉన్నది రాజాంలోనే అని కథ చెప్పే ప్రతి నోరూ చెబుతుంది. 1964లో ‘బొబ్బిలి యుద్ధం’ వచ్చింది, పాపారాయుడుగా ఎస్వీ రంగారావు. 1986లో కృష్ణంరాజు కథానాయకుడిగా ‘తాండ్ర పాపారాయుడు’. తాతల నోట విన్న మనిషి తెరమీద కత్తి దూస్తుంటే చూడటం ఏ ఊరికైనా దక్కే భాగ్యం కాదు.

ఆపరేటరు గది గురించి కూడా ఎవరో ఒకరు రాసిపెట్టాలి. రెండు కార్బన్ కడ్డీల మధ్య మండే వెలుగును కనిపెట్టుకుంటూ, కడ్డీలు అరిగేకొద్దీ దగ్గరకు జరుపుతూ, ఒక మెషీన్లో రీలు అయిపోయే క్షణానికి రెండో మెషీను అందించిన పనివాళ్లు వాళ్లు. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు వాళ్ల చేతుల మీదుగా నడిచాయి. డిజిటల్ వచ్చాక రీలు పెట్టెలు రావడం ఆగింది, ఆ విద్యతో పని లేకపోయింది. చాలా చోట్ల హాళ్లు కల్యాణ మండపాలయ్యాయి, గోదాములయ్యాయి.

గెయిటీ విషయంలో మనం చేయాల్సింది చేయలేకపోయాం. వెంకయ్య 1941లో పోయాడు. 1980లో ఆయన పేరిట ప్రభుత్వం పురస్కారం నెలకొల్పింది. పేరు నిలబడింది, సంతోషం. రాజాం లాంటి ఊళ్ల హాళ్లకు ఆ మాత్రం కూడా లేదు. వాటి పుట్టుక తెలియాలంటే లైసెన్సు కాగితాలు వెతకాలి. అక్కడే చిక్కు. 2022 ఏప్రిల్‌లో రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది, అంతకు ముందు శ్రీకాకుళం, 1950కి ముందు విశాఖపట్నం జిల్లా. ఊరు కదల్లేదు, జిల్లా రెండుసార్లు మారింది. వెతకబోయేవాళ్లు మూడు కలెక్టరేట్ల గడపా తొక్కాలి. ఈలోగా పాత ఆపరేటర్లను, గేటు దగ్గర టిక్కెట్లు చింపినవాళ్లను, హాలు బయట పల్లీలమ్మినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించి, ఫోన్లో రికార్డు చేసి పెట్టడానికి ఏ కలెక్టరు అనుమతీ అక్కర్లేదు.