61 రోజులు ఒడ్డున పడుకున్న బ్యాటరీ

సెల్ఫ్ కొట్టి అవుట్‌బోర్డ్ మోటారును స్టార్ట్ చేసినప్పుడు బ్యాటరీలోంచి ఎంత ఖర్చవుతుందో లెక్క వేస్తే నమ్మబుద్ధి కాదు. 60 హెచ్‌పీ మోటారు సెల్ఫ్ 150 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. మోటారు బాగుంటే మూడు సెకన్లలో అందుకుంటుంది. 150ని 3తో హెచ్చించి 3,600తో భాగిస్తే 0.125. అంటే ఒక ఆంపియర్-అవర్‌లో ఎనిమిదో వంతు. 70 ఏహెచ్ బ్యాటరీలో అది 560వ వంతు. మోటారు నడవడం మొదలయ్యాక ఆ మాత్రం తిరిగి నింపడానికి దానికి ఎంతోసేపు పట్టదు.

మరి నిండు బ్యాటరీ అనుకున్నది కూడా ఒక్కోసారి ‘టక్’మని ఊరుకుంటుందెందుకు? చెరువులో ఎన్ని నీళ్లున్నాయన్నది వేరు, తూము ఎంత వెడల్పన్నది వేరు. ఏహెచ్ అనేది చెరువు. సెల్ఫ్‌కి కావలసింది తూము. స్టార్టింగ్ బ్యాటరీలో పల్చటి పలకలు ఎక్కువ సంఖ్యలో ఉండేది ఒక్కసారిగా కరెంటు వదలడానికే. ఇన్వర్టర్ బ్యాటరీలో పలకలు మందం. నిదానంగా గంటల తరబడి ఇవ్వడం దాని పని. ఇంట్లో ఖాళీగా ఉంది కదా అని 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీని బోటులోకి మోసుకెళ్లేవాళ్లు మోసేది ముఖ్యంగా బరువునే.

తూము కొలతను స్టిక్కర్ మీద సీసీఏ అని రాస్తారు. మైనస్ 18 డిగ్రీల చలిలో, 30 సెకన్ల పాటు, వోల్టేజి 7.2 కంటే దిగకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదన్నది ఆ అంకె. కాకినాడలో మైనస్ 18 ఎవరూ చూడరు, అయినా పోల్చుకోవడానికి అదే కొలబద్ద. 40 నుంచి 70 హెచ్‌పీ మోటార్ల మాన్యువల్స్ చాలావరకు 350 నుంచి 430 సీసీఏ అడుగుతాయి. ఇక్కడొక మెలిక ఉంది. కొన్ని బ్యాటరీల మీద ఎంసీఏ అని ఉంటుంది. అది సున్నా డిగ్రీల దగ్గర కొలిచింది కాబట్టి అంకె 20-25 శాతం పెద్దగా కనిపిస్తుంది. 500 ఎంసీఏ అంటే దాదాపు 400 సీసీఏ మాత్రమే. మాన్యువల్ 430 సీసీఏ అడిగితే ఆ బ్యాటరీ చాలదు.

మన వేడికి సీసీఏ రెట్టింపున్నది వెతకడం డబ్బు దండగ. అలల మీద బోటు దబదబా పడుతుంటే పలకలు ఊడకుండా గట్టిగా బిగించి తయారుచేసిన మెరైన్ రకం మీద ఆ డబ్బు పెట్టడం నయం. లిథియం కొనాలనుకుంటే ముందు మోటారు కంపెనీ ఒప్పుకుంటుందో లేదో చూడండి. మోటారు నడుస్తుండగా లిథియం బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ హఠాత్తుగా కట్ చేస్తే, ఆ వోల్టేజి తాకిడికి మోటారు ఎలక్ట్రానిక్స్ పోవచ్చు.

కేబుల్‌ని ఎవరూ పట్టించుకోరు. బ్యాటరీ నుంచి మోటారుకి పోనూ రానూ 6 మీటర్లనుకోండి. 35 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగైతే 150 ఆంపియర్ల దగ్గర సుమారు 0.45 వోల్టులు దారిలోనే పోతాయి. 16 చదరపు మిల్లీమీటర్లదైతే దాదాపు ఒక వోల్టు. టెర్మినల్ మీద ఉప్పుగాలికి పట్టిన తుప్పు, పొడి ఒక ఓమ్‌లో నూరో వంతు అడ్డుపడినా ఇంకో ఒకటిన్నర వోల్టు గల్లంతు. బ్యాటరీలో ఏ లోపమూ లేకుండానే సెల్ఫ్ తిరగకపోవడానికి ఈ లెక్క చాలు. రెక్కల నట్లు చేత్తో బిగించి వదిలేస్తే అదురుకు వదులవుతాయి. మామూలు నట్టు పెట్టి, పానాతో బిగించాలి.

ఇక అసలు శత్రువు దగ్గరికి వద్దాం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. 61 రోజులు. తాడు లాగి స్టార్ట్ చేసుకునే మోటారు యజమానికి దీంతో పేచీ లేదు. సెల్ఫ్ ఉన్నవాడికి మాత్రం ఇవి సంవత్సరంలో గడ్డు రోజులు, ఎందుకంటే అవే మండుటెండల రోజులు. నీళ్లు పోసే రకం బ్యాటరీ ఏ పనీ చేయకుండా కూర్చున్నా 27 డిగ్రీల దగ్గర నెలకు నాలుగైదు శాతం దిగుతుంది. ప్రతి 10 డిగ్రీలకు ఆ వేగం సుమారు రెట్టింపు. 37 డిగ్రీల్లో రెండు నెలలుంటే 16 నుంచి 20 శాతం పోయినట్టే. 70 ఏహెచ్‌లో అది 11 నుంచి 14 ఏహెచ్.

దానికి తోడు రేడియోయో, ఫిష్ ఫైండరో 20 మిల్లీఆంపియర్లు నమిలేలా వదిలేశారనుకోండి. రోజుకు 0.48 ఏహెచ్, 61 రోజులకు 29 ఏహెచ్ పైమాట. రెండూ కలిస్తే సగం బ్యాటరీకి మించి ఖాళీ. అలా సగం ఖాళీగా వారాల తరబడి ఉన్న పలకల మీద సల్ఫేటు గట్టిపడి, ఆ తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా పూర్తిగా కరగదు. అందుకే సముద్రంలో చచ్చిపోయినట్టు కనిపించే బ్యాటరీల్లో చాలావాటికి ప్రాణం ఒడ్డునే పోయి ఉంటుంది.

నిషేధం మొదలైన రోజే నెగెటివ్ కేబుల్ ముందు, పాజిటివ్ తర్వాత విప్పి, బ్యాటరీని ఇంటి నీడకు తేవాలి. తిరిగి బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. నెలకోసారి చార్జింగ్: 70 ఏహెచ్‌కి పదో వంతు, అంటే 7 ఆంపియర్ల చార్జర్ చాలు. గాలి ఆడే చోట పెట్టండి. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వకు పేలుతుంది. డిస్టిల్డ్ వాటర్ చార్జింగ్ అయ్యాక, పలకల మీద సెంటీమీటరు ఎత్తుకు. బోరు నీళ్లు పనికిరావు. సముద్రపు నీరు లోపలికి పోతే క్లోరిన్ వాయువే పుడుతుంది.

మీటర్ చూసేటప్పుడు ఒక సంగతి. నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. అది 1.265 గ్రావిటీ యాసిడ్ నింపిన బ్యాటరీ మాట. వేడి దేశాలకు యాసిడ్ పల్చగా, 1.240 దగ్గర నింపుతారు. ఒక్కో సెల్‌కి గ్రావిటీకి 0.84 కలిపితే వోల్టేజి వస్తుంది. 1.240కి 2.08, ఆరు సెల్స్‌కి 12.48. కాబట్టి 12.5 చూపిందని పాడైందనుకోకండి. హైడ్రోమీటర్‌తో ఆరు సెల్స్‌నూ చూడండి. ఐదు ఒకలా ఉండి ఆరోది బాగా తక్కువుంటే ఆ బ్యాటరీ వద్దు.

ఇన్ని చేశాక కూడా, జూన్ 14 సాయంత్రమే ఒకసారి సెల్ఫ్ కొట్టి చూడాలి, అదీ మోటారుకు నీరు అందే ఏర్పాటు చేసి. సెల్ఫ్ తిరుగుతుండగా మీటర్ 9.6 కంటే కింద పడితే, బ్యాటరీని అనుమానించే ముందు టెర్మినల్స్ గీకి మళ్లీ చూడండి. అప్పటికీ అంతే అయితే, తెల్లవారితే వేట కాబట్టి, బ్యాటరీ షాపు మూయకముందే బయల్దేరాలి.